మూడు దేశాల జైళ్ళు చూసిన మహిళ

1917వ సంవత్సరం ద్వితీయార్ధం. భారతదేశానికి ఎటువంటి పాలనా సంస్కరణలు ఇవ్వాలో స్వయంగా తెలుసుకొనడానికి బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగూ ఇక్కడికి వస్తున్నారు. ఆయనకూ, వైస్రాయి చెమ్స్‌ఫర్డుకూ తమ కోరికలు విన్నవించుకొనడానికి దేశం నలుమూలలా సంఘాలూ సభలూ అర్జీలు సిద్ధం చేసుకొంటున్నాయి. అలా వెళ్ళిన లేఖల్లో ఒకటి మద్రాసు రాష్ట్రంలో నివసిస్తున్న ఒక ఐరిష్ వనిత రాసినది. ఆడపిల్లల చదువు గురించీ, సాంఘిక సంస్కరణల గురించీ విన్నవించుకొనడానికి కొందరు మహిళలకు అవకాశం ఇవ్వవలసిందని ఆమె కోరారు. రాజకీయ విషయాలపై మాట్లాడదలచిన ప్రతినిధి వర్గాలకు మాత్రమే దర్శనం లభిస్తుందని సమాధానం వచ్చింది.

మరొకరైతే అంతటితో విరమించుకొని ఉండేవారేమో. ఆ వనిత మాత్రం అర్జీని మార్చి రాశారు. రాజకీయమే కావాలంటే రాజకీయమే అడుగుదామనుకొన్నారు. కొత్త శాసనసభలకు ఓటర్లను నిర్ణయించేటప్పుడు స్త్రీలను కూడా ‘ప్రజలు’గానే లెక్కించాలన్న కోరిక అందులో చేరింది. అఖిల భారత స్థాయిలో స్త్రీల ఓటుహక్కు కోసం వినిపించిన తొలి కోరిక అది. ఒక కార్యాలయపు నిబంధన పుణ్యమా అని అది పుట్టింది!

ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఆ చేతికి అర్జీలు రాయడం ఎంత బాగా తెలుసునో, మంత్రుల ఇళ్ళ కిటికీ అద్దాలు పగలగొట్టడమూ అంత బాగానే తెలుసు. అప్పటికే ఆమె రెండు దేశాల్లో జైలుశిక్ష అనుభవించి వచ్చారు.

మార్గరెట్ గిలెస్పీ 1878లో ఐర్లండులోని రాస్‌కామన్ జిల్లాలో, బాయిల్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. పెద్ద కుటుంబం. ఆ సంతానానికంతా ఆమే పెద్దది. మెథడిస్టు క్రైస్తవులైన తల్లిదండ్రులు ఐర్లండు బ్రిటన్‌తో కలిసి ఉండడమే మేలని నమ్మినవారు. ఆ ఇంట పుట్టిన పిల్ల స్వపరిపాలన వాదిగా ఎదగడం వారు కోరుకొన్నది కాదు. ఆమెకు సంగీతమంటే ప్రాణం. ఉపకారవేతనం సంపాదించి డబ్లిన్ వెళ్ళి, సంగీత అకాడమీలో చదివి, 1902లో సంగీతంలో పట్టం పుచ్చుకొన్నారు. మరుసటి సంవత్సరం కవి, నాటక రచయిత జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడారు. ఆ దంపతులిద్దరూ శాకాహారులు. దివ్యజ్ఞాన సమాజపు భావాల పట్ల మక్కువ ఉన్నవారు. వారి బంధువర్గానికి ఇవన్నీ వింతగానే కనిపించి ఉండాలి.

1906లో మాంచెస్టరు నగరంలో జరిగిన మహిళల మహాసభకు వెళ్ళివచ్చిన తరువాత మార్గరెట్ ఓటుహక్కు ఉద్యమంలో దిగారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ‘ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘా’న్ని స్థాపించారు. తొలి కోశాధికారి ఆమే. ఇంగ్లండు మహిళల సంఘాలతో స్నేహమే కాని వారి పెత్తనానికి మాత్రం లోబడమని ఈ సంఘం మొదటినుంచీ స్పష్టం చేసింది. ఏ రాజకీయ పక్షానికీ అనుబంధం కాదన్నది మరొక నియమం. ఈ రెండు పాఠాలనూ మార్గరెట్ తరువాత భారతదేశానికి వెంట తెచ్చుకొన్నారు.

1910 నవంబరు 18. స్త్రీలలో కొందరికైనా ఓటు ఇవ్వాలన్న బిల్లును ప్రధానమంత్రి ఆస్క్విత్ పక్కన పెట్టడంతో, దాదాపు మూడు వందల మంది స్త్రీలు లండన్ పార్లమెంటు భవనం వైపు నడిచారు. పోలీసులు గంటల తరబడి వారిని నెట్టారు, కొట్టారు, నేలకు విసిరారు. ఆంగ్లేయుల చరిత్రలో ఆ రోజును ‘నల్ల శుక్రవారం’ అంటారు. 119 మంది అరెస్టయ్యారు. శాంతంగా నడిచివెళ్ళినందుకు ఇంత దండన అయితే, అద్దాలు పగలగొట్టి తిన్నగా అరెస్టు కావడమే మేలు కదా అని ఆందోళనకారిణులు అనుకొన్నారు. ఆ తర్వాతి రోజుల్లో మంత్రుల ఇళ్ళ కిటికీల మీద రాళ్ళు పడ్డాయి. విసిరినవారిలో డబ్లిన్ నుంచి వచ్చిన మార్గరెట్ ఒకరు. నెల రోజుల శిక్ష పడింది. లండన్‌లోని హాలోవే జైలు ఆమె చూసిన మొదటి జైలు.

ఐర్లండులో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉండేది. అక్కడి జాతీయవాద నాయకులు తమ దేశానికి స్వపరిపాలన కావాలని లండన్‌ను అడుగుతున్నారు. తమ ఇంటి ఆడవారికి ఓటు మాత్రం ఇవ్వబోమంటున్నారు. 1912 మార్చిలో స్త్రీల ఓటుహక్కు బిల్లు పార్లమెంటులో 208 అనుకూల ఓట్లకు 222 వ్యతిరేక ఓట్లతో వీగిపోయింది. అది వీగిపోవడంలో ఐరిష్ సభ్యుల పాత్ర తక్కువేమీ కాదు. ఆ సంవత్సరమే వచ్చిన ఐరిష్ స్వపరిపాలన బిల్లులోనూ స్త్రీలకు చోటు లేదు. స్వేచ్ఛ కోరేవారే మరొకరి స్వేచ్ఛకు అడ్డం పడుతున్నారు. 1913 జనవరిలో మార్గరెట్ తన సహచరులతో కలిసి, బ్రిటిష్ అధికారానికి ఆటపట్టయిన డబ్లిన్ కోట కిటికీలు పగలగొట్టారు. మళ్ళీ నెల రోజుల శిక్ష. ఈసారి టల్లమోర్ జైలు. తమను దొంగలతో సమానంగా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని కోరుతూ ఆమె, తోటి ఖైదీలు నిరాహారదీక్ష పూనారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. మార్గరెట్ ఇంట గెలవకముందే ఇల్లు విడవవలసి వచ్చింది. 1913లో ఆ దంపతులు ఉద్యోగరీత్యా లివర్‌పూల్ చేరారు. రెండేళ్ళ తరువాత, 1915లో, అనీబిసెంట్ పిలుపునందుకొని మద్రాసులో ఓడ దిగారు. బిసెంట్ నడుపుతున్న ‘న్యూ ఇండియా’ పత్రికకు జేమ్స్ సాహిత్య సంపాదకుడు.

ఆ ఉద్యోగం ఎంతో కాలం నిలవలేదు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు చెలరేగింది. హన్నా భర్త ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్టన్ హింసను ద్వేషించిన శాంతివాది. మహిళల ఓటుహక్కు కోసం డబ్లిన్‌లో వెలువడిన ‘ఐరిష్ సిటిజన్’ పత్రికకు జేమ్స్‌తో పాటు సంపాదకత్వం వహించిన మిత్రుడు. దోపిడీలు ఆపడానికి వీధిలోకి వెళ్ళిన ఆయనను సైనికులు పట్టుకొనిపోయి, విచారణ అన్నది లేకుండా కాల్చి చంపారు. తిరుగుబాటును మెచ్చుకొంటూ జేమ్స్ రాసిన వ్యాసం ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది. బిసెంట్ ఆయనను చిత్తూరు జిల్లాలోని మదనపల్లె కళాశాలకు పంపించారు. మార్గరెట్ అక్కడ ఇంగ్లీషు బోధించారు. తెలుగునేలతో ఆ దంపతుల అనుబంధం అలా మొదలైంది.

1917 మేలో అడయారులో ‘మహిళా భారత సంఘం’ ఏర్పడింది. దానికి అధ్యక్షురాలు అనీబిసెంట్. డొరొతీ జినరాజదాసా, మార్గరెట్ దాని నిర్వాహకులు. సంఘం తరఫున వెలువడిన ‘స్త్రీధర్మ’ పత్రికకు మార్గరెట్ సంపాదకత్వం వహించారు. ఆ సంవత్సరం డిసెంబరు 18న మద్రాసులో మాంటేగూ, చెమ్స్‌ఫర్డులను కలుసుకొన్న మహిళా ప్రతినిధి వర్గానికి నాయకురాలు సరోజినీ నాయుడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అర్జీ రాసినది మార్గరెట్, మాట్లాడినది సరోజిని. హైదరాబాదులో పుట్టి పెరిగి దేశమంతా పేరు పొందిన కవయిత్రి ముందు నిలబడగా, లండన్ జైలును చూసివచ్చిన ఐరిష్ వనిత వెనుక వరుసలో కూర్చున్నారు. ఇంగ్లండులో పేరు మోసిన ఓటుహక్కు ఆందోళనకారిణి ఒకరు ఆ వర్గంలో ఉన్న సంగతిని మాంటేగూ తన దినచర్యలో రాసుకొనడం మరిచిపోలేదు.

కిటికీలు పగలగొట్టిన మనిషి ఇక్కడ ఒక్క రాయి కూడా విసరలేదు. దానికి కారణం భయం కాదు. డబ్లిన్‌లో ఆమె పోరాడినది సొంత దేశపు పురుషులతో. మద్రాసులో ఆమె పరదేశి. పైగా పాలక జాతి పోలికలున్న పరదేశి. ఇక్కడి స్త్రీల తరఫున ఆమె రాయి విసిరితే, అది తెల్లవారు తెచ్చిపెట్టిన గొడవ అని కొట్టివేయడానికి ఇటు ప్రభుత్వమూ, అటు సనాతనులూ కాచుకొని ఉన్నారు. మరొక కారణం కూడా ఉంది. ఐర్లండు జాతీయ నాయకుల వలె ఇక్కడి నాయకులు స్త్రీల ఓటుకు అడ్డుతగలలేదు. 1918లో బొంబాయి ప్రత్యేక కాంగ్రెసు మహాసభలో సరోజిని ప్రతిపాదించిన తీర్మానాన్ని ప్రతినిధులు ఆమోదించారు. అడ్డం వచ్చినది ప్రభుత్వ సంఘమే. ఓటుహక్కు విధానాన్ని పరిశీలించిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు సాంఘిక పరిస్థితుల్లో, ఘోషా పాటించే సమాజంలో, స్త్రీలకు ఓటు ఇచ్చే కాలం ఇంకా రాలేదని తేల్చివేసింది. 1919లో సరోజిని, బిసెంట్, బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠన్ లండన్ వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. చివరకు పార్లమెంటు ఔననలేదు, కాదనలేదు. స్త్రీలకు ఓటు ఇవ్వాలో వద్దో ఆయా రాష్ట్రాల శాసనసభలే తేల్చుకోవచ్చునని బంతిని ఇటు నెట్టింది.

ఆ 1919లోనే, ఫిబ్రవరిలో, రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె వచ్చారు. కళాశాలలో విద్యార్థుల, అధ్యాపకుల సమక్షంలో ఆయన తమ ‘జనగణమన’ పాడి వినిపించారు. అక్కడ ఉండగానే దానిని తామే ఇంగ్లీషులోకి అనువదించారు. సంగీతంలో పట్టం పొందిన మార్గరెట్ ఆ బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాశారు. జాతీయగీతపు బాణీ మదనపల్లెలోనే పుట్టిందని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకొంటారు. ఆ పాట 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో వినిపించినది కనుక ఆ మాటలో కొంత అతిశయం లేకపోలేదు. అయితే, ఒకరి గొంతులో ఉన్న రాగాన్ని ఇతరులంతా పాడుకొనేటట్లు కాగితం మీద పెట్టడం సామాన్యమైన సేవ కాదు. మార్గరెట్ రాజకీయాలలో చేసినదీ ఇంచుమించు ఆ పనే.

1921 ఏప్రిల్‌లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు ఇస్తూ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో అదే మొదటిది. కొన్ని నెలలకు బొంబాయి ఆ దారి పట్టింది. పురుషునికి ఏ అర్హతో స్త్రీకీ అదే అర్హత అన్నది ఆ తీర్మానపు సారం. ఇంగ్లండులో 1918లో వచ్చిన చట్టం ముప్ఫయి ఏళ్ళు నిండిన స్త్రీలకే, అదీ షరతులతో, ఓటు ఇచ్చింది. పురుషులతో సమానమైన హక్కు కోసం అక్కడి స్త్రీలు 1928 దాకా ఆగవలసి వచ్చింది. కాగితం మీద చూస్తే నెల్లూరు, గుంటూరు స్త్రీలు లండన్ స్త్రీల కంటె ఏడేళ్ళు ముందున్నట్లు.

అదంతా కాగితం మీదనే. ఆ రోజుల్లో ఓటు ఆస్తిని బట్టి, పన్నును బట్టి వచ్చేది. మన కుటుంబాల్లో భూమి ఎవరి పేర ఉండేదో చెప్పనక్కరలేదు. వయోజనులైన స్త్రీలలో నూటికి ఒకరికైనా ఆ ఓటు దక్కలేదు. నిజాం సంస్థానంలోని తెలుగు స్త్రీలకైతే ఆపాటి భాగ్యం కూడా లేదు. ‘స్త్రీధర్మ’ పుటలు తిరగేసినవారికి, ఆ ఉద్యమంలో ముందు నిలిచినవారు ఇంగ్లీషు చదువుకొన్న, ఉన్నత కుటుంబాలకు చెందిన వనితలేనన్న సంగతి తెలియకపోదు. పొలంలో నాట్లు వేసే స్త్రీ వారి సభలకు రాలేదు. భారతీయ స్త్రీత్వం గురించి మార్గరెట్ రాసిన పుస్తకాల్లో ఆదర్శపు మెరుగు కొంచెం ఎక్కువ. ఆకలి ప్రస్తావన కొంచెం తక్కువ. ఆమె పట్ల ఎంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

ఓటు వేసే హక్కు వచ్చినా ఎన్నికలలో పోటీ చేసే హక్కు 1926 దాకా రాలేదు. అది రాగానే మార్గరెట్ కన్ను మంగళూరుకు చెందిన కమలాదేవి చట్టోపాధ్యాయ మీద పడింది. అంతకు కొన్నేళ్ళ ముందు మార్గరెట్ ఆ ఊళ్ళో బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి ఉన్నారు. కమలాదేవికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. వ్యవధి చూస్తే కొద్ది రోజులే. మార్గరెట్ ఆమెను ఒప్పించి నిలబెట్టి, ప్రచారానికి తామే నడుం కట్టారు. కమలాదేవి స్వల్పమైన తేడాతో ఓడిపోయారు. కాని ఒక స్త్రీ వీధివీధీ తిరిగి ఓట్లు అడగడం జనం చూశారు. ఆ తరువాత మహిళా సంఘాల సూచనపై డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని ప్రభుత్వం మద్రాసు శాసనమండలికి నామినేట్ చేసింది. సభ్యులు ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు.

ఆ 1926లోనే మరొక పెద్ద పని మొదలైంది. కలకత్తా బెథూన్ కళాశాలలో బహుమతి ప్రదానం చేస్తూ బెంగాలు విద్యాశాఖాధికారి ఓటెన్, ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో స్త్రీలే ఏకకంఠంతో చెప్పాలని అన్నారు. విద్యార్థిగా ఉన్న సుభాస్ చంద్ర బోసు కళాశాల నుంచి బహిష్కృతులు కావడానికి కారణమైన ఓటెన్ ఈయనే! ఆ మాట మార్గరెట్‌ను పట్టుకొంది. ఆమె దేశంలోని మహిళలకు లేఖలు రాశారు. మీ మీ ప్రాంతాల్లో సభలు జరిపి, ప్రతినిధులను ఎన్నుకొని పంపండని కోరారు. 1927 జనవరిలో పూనాలో బరోడా మహారాణి అధ్యక్షతన ‘అఖిల భారత మహిళా సభ’ తొలిసారి సమావేశమైంది. చదువు గురించి మాట్లాడడానికి కూడిన ఆ సభ బాల్యవివాహాల గురించీ, వారసత్వ హక్కు గురించీ, చివరకు ఓటు గురించీ మాట్లాడక తప్పలేదు. పదేళ్ళ క్రిందట ఆమె అర్జీకి ఏమి జరిగిందో ఈ సభకూ అదే జరిగింది.

1931లో మూడు ప్రముఖ మహిళా సంఘాలు కలిసి ప్రభుత్వానికి ఒక పత్రం సమర్పించాయి. వయోజనులందరికీ ఓటు కావాలి. స్త్రీలకంటూ ప్రత్యేకంగా కేటాయించిన స్థానాలు, నామినేషన్లు అక్కరలేదు. ఆ రెండవ కోరిక సరియైనదేనా అన్న చర్చ ఆనాడే ఉంది. ఈనాటికీ తెగలేదు.

1920 దశకం తొలినాళ్ళలో మద్రాసు ప్రభుత్వం మార్గరెట్‌ను గౌరవ మేజిస్ట్రేటుగా నియమించింది. దేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమేనంటారు. పదేళ్ళు తిరిగేసరికి ఆమే బోనెక్కారు. శాసనోల్లంఘనాన్ని అణచడానికి ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులు సభలనూ మాటలనూ నిషేధించాయి. ఆ ఆర్డినెన్సులను ఖండిస్తూ 1932లో మద్రాసులో మార్గరెట్ బహిరంగంగా ప్రసంగించారు. సంవత్సరం శిక్ష పడింది. ఆంధ్ర జిల్లాల నుంచి సత్యాగ్రహంలో పాల్గొన్న ఎందరో స్త్రీలు శిక్ష అనుభవించిన వెల్లూరు జైలే ఆమె చూసిన మూడవ జైలు. హాలోవే, టల్లమోర్‌లలో ఆమె ఓటు కోసం కూర్చున్నారు. వెల్లూరులో మాట కోసం. అప్పటికి ఆమె వయస్సు యాభై నాలుగు.

1936లో అఖిల భారత మహిళా సభ ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొంది. కాని ఆ తరువాత మార్గరెట్ మెల్లమెల్లగా పక్కకు తప్పుకొన్నారు. పోరాటంలో ఉండాలన్న కోరిక ఆమెకు చావలేదు. అయితే ముందుకు వస్తున్న భారతీయ మహిళా నాయకులకు తన అవసరం ఇక లేదనీ, తాను ఉండడం వారికి ఇష్టం కూడా కాదేమోననీ ఆమెకు అనిపించింది. ఆ సంగతిని 1950లో భర్తతో కలిసి వెలువరించిన ఆత్మకథలో దాచకుండా చెప్పారు. పిలవని పేరంటానికి వెళ్ళేవారు లోకంలో చాలామంది. పిలిచిన పేరంటం నుంచి వేళకు లేచి రావడం అంతకంటె కష్టం. మనస్సులో బాధ లేకుండా అది సాధ్యపడినట్లు ఆమె మాటల్లో కనిపించదు.

1940 దశకం మధ్యలో పక్షవాతం ఆమెను మంచాన పడవేసింది. పియానో మీద పరుగెత్తిన వేళ్ళు కదలడం మానేశాయి. సంపాదించి దాచుకొన్నది ఏమీ లేదు. మద్రాసు ప్రభుత్వమూ, తరువాత జవహర్‌లాల్ నెహ్రూ ఆమెకు ధనసహాయం చేశారు.

1935 చట్టం దాదాపు 60 లక్షల మంది స్త్రీలకు ఓటు ఇచ్చింది. భర్త ఆస్తిని బట్టి భార్యకు ఓటు అన్న నియమం వల్ల వచ్చినదే అందులో చాలా భాగం. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఆస్తినీ, భర్తనూ పక్కన పెట్టి, వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకీ ఓటు ఇచ్చింది. తెలంగాణలోని స్త్రీలకు కూడా అప్పుడే ఆ హక్కు దక్కింది. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు తయారు చేయడానికి గణకులు ఇంటింటికీ వెళ్ళారు. ఉత్తరాది రాష్ట్రాలలో అనేకమంది స్త్రీలు పరాయి మగవాడికి తమ పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. పేరు లేనిదే ఓటు లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుపట్టారు. గడువు పొడిగించినా ఫలితం అంతంత మాత్రమే. దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల నుంచి తొలగించవలసి వచ్చింది. స్త్రీలను ‘ప్రజలు’గా లెక్కించాలన్న అర్జీ మద్రాసులో చదివి వినిపించి అప్పటికి 34 ఏళ్ళు.

మార్గరెట్ కజిన్స్ 1954 మార్చి 11న అడయారులో మరణించారు. జేమ్స్ ఆ తరువాత రెండేళ్ళు బ్రతికి, 1956లో మదనపల్లెలో కన్నుమూశారు.